కాకి అరవని దేశం

గల్ఫ్ జలాల నడుమ ఉన్న నేటి బహ్రెయిన్ ద్వీపం క్రీ.పూ. 2000 ప్రాంతంలో దిల్మున్ అనే వర్తక రాజ్యానికి కేంద్రం. ఒమన్ వైపున్న మగన్ నుంచి రాగి, సింధు నాగరికతా ప్రాంతంగా పండితులు గుర్తించే మెలుహ్హా నుంచి ఇతర సరుకులు ఇక్కడి రేవుకు వచ్చి, చేతులు మారి, నేటి దక్షిణ ఇరాక్‌లోని సుమేరు నగరాలకు చేరేవి. సుమేరియన్లు ఈ దేశాన్ని తమ వర్తకపు లెక్కల్లోనే గాక పురాణంలో కూడా నిలిపారు. ఆ పురాణ దేశానికి వారు చెప్పిన మొదటి లక్షణాల్లో ఒకటి, అక్కడ కాకి అరవకపోవడం.

మంచినీటి దేవుడైన ఎన్కికీ, మాతృదేవత నిన్‌హుర్సగ్‌కూ సంబంధించిన ఈ కథ ప్రధానంగా నిప్పూరు నగరంలో దొరికిన మట్టిపలక ద్వారా తెలుస్తున్నది. శామ్యూల్ నోవా క్రేమర్ 1945లో దీన్ని అనువాదంతో ప్రకటించాడు. ఆ దిల్మున్‌లో బొంతకాకి కూయదు, సింహం చంపదు, తోడేలు గొర్రెపిల్లను ఎత్తుకుపోదు, ఇంటి కప్పు మీద వితంతువు ఆరబోసిన మొలకధాన్యాన్ని పక్షులు ముట్టవు, వ్యాధి గానీ ముసలితనం గానీ ఎవరినీ సోకవు. దీన్ని చాలామంది స్వర్గవర్ణనగా చదివారు. కానీ ఇది సుఖలోకం కాదనీ, ఇంకా మొదలుకాని లోకమనీ వాదించిన పండితులూ ఉన్నారు. ఈ రెండో వాదానికే కథాక్రమం బలమిస్తున్నది. ఎందుకంటే ఆ దేశంలో మంచినీరు లేదని అక్కడి దేవత మొరపెట్టుకోగా ఎన్కి నీటిని రప్పిస్తాడు, ఆ తరువాతే పొలాలు పండి దిల్మున్ రేవుపట్టణమవుతుంది. బహ్రెయిన్ నిజంగానే ఊటబావులకు పేరుపొందిన ద్వీపం. అక్కడి బార్బార్ దేవాలయంలో జలకుండం ఉండడం వల్ల అది ఎన్కి ఆలయమై ఉండవచ్చని పురావస్తువేత్తలు భావించారు.

ఆ విధంగా చూస్తే కాకి మౌనం శాంతికి గుర్తు కాదు, మనిషి లేమికి గుర్తు. కథ చెప్పేటప్పుడు మనిషి అడుగుపెట్టని చోటును కాకులు దూరని కారడవి అనే తెలుగువారికి ఈ భావం కొత్తది కాదు. మన ఊరకాకి జనావాసాన్ని విడిచి బతకదు. ఎంగిలి మెతుకులు, ఆరబోసిన గింజలు, రేవులోని చేపల వ్యర్థాలు దాని ఆహారం. ఓడలెక్కి సముద్రాలు దాటిన ఈ పక్షి అరేబియా తీరపు రేవుల్లోనూ స్థిరపడింది.

కాకికీ సముద్రానికీ ఉన్న పొత్తు కథల్లోనూ ఉంది. ప్రాచీన మెసొపొటేమియాకు చెందిన గిల్గమేష్ కావ్యంలో ప్రళయం తగ్గినదీ లేనిదీ తెలుసుకోవడానికి వదిలిన మూడు పక్షుల్లో పావురం, వాన కోవెల తిరిగివస్తాయి, కాకి మాత్రం ఆహారం దొరికి రాకుండా ఉండిపోతుంది, దానితో నేల బయటపడిందని తేలుతుంది. సుమేరు కథనంలో ఆ ప్రళయాన్ని తప్పించుకున్న జియుసుద్రకు దేవతలిచ్చిన నివాసం దిల్మునే. బౌద్ధ వాఙ్మయంలోని బావేరు జాతకంలో భారత వర్తకులు దిక్కు చూపే కాకిని ఓడలో బావేరుకు, అంటే బాబిలోనుకు, తీసుకుపోగా, పక్షులెరుగని అక్కడివారు దాన్ని 100 కహాపణాలు అనే నాణేలకు కొంటారు. తరువాత నెమలి రాగానే కాకికి ఆదరణ పోతుంది.

అరబ్బుల ప్రాచీన కవిత్వంలో కాకి ఎడబాటుకు సంకేతం కాగా, ఖురాన్‌లో అది నేల తవ్వి, సోదరుని శవాన్ని ఎలా కప్పాలో ఆదాము కుమారునికి చూపుతుంది. తెలుగు ఇళ్లలో కాకి అరిస్తే చుట్టం వస్తాడంటారు, పితృకర్మలో పిండాన్ని అది ముడితేనే పెద్దలు తృప్తిపడ్డారని నమ్ముతారు. రాక, పోక, మరణం మనుషులున్న చోటే ఉంటాయి. ముసలితనమే లేదని పురాణం చెప్పిన ఆ ద్వీపంలో, 2019లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన సుమారు 11,774 దిల్మున్ సమాధి దిబ్బలు ఉన్నాయి. అక్కడ తరతరాలుగా మనుషులు పుట్టి, వర్తకం చేసి, ముసలివారై మరణించారని అవి రుజువు చేస్తున్నాయి. అటువంటి జీవితం మొదలైన దేశంలోనే కాకికి కూయడానికి కారణం దొరుకుతుందని సుమేరు కథకుడు గ్రహించాడు. అందుకే ఆ మట్టిపలకను స్వర్గవర్ణనగా గాక, ఒక ఊరు ఎలా మొదలవుతుందో చెప్పే తొలి ఆలోచనల్లో ఒకటిగా చదవడం సమంజసం.