ఆబ్‌గూష్త్: పాత కుండ, కొత్త దినుసులు

ఈరోజు ఇరాన్ వంటింట్లోకి వెళ్దాం. అక్కడ తాతల నాటి వంట ఏదని అడిగితే ముందుగా వినిపించే పేర్లలో ఆబ్‌గూష్త్ ఒకటి. ఆబ్ అంటే నీళ్ళు, పంజాబ్‌లో ఉన్న ఆబ్ అదే. గూష్త్ అంటే మాంసం, హైదరాబాద్‌లో మనం వినే గోష్త్. వండే కుండని దీజీ అంటారు, అందుకే ఈ వంటకీ దీజీ అనే పేరుంది.

ఎముకతో, కొవ్వుతో ఉన్న గొర్రె మాంసం, నానబెట్టిన శనగలు, తెల్ల రాజ్మా, ఉల్లిపాయ, పసుపు, ఎండు నిమ్మకాయ కుండలో వేసి, నీళ్ళు పోసి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. బంగాళాదుంప, టమాటా కూడా పడతాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఇందులో నిజంగా తాతల నాటివి ఎన్ని? రాజ్మా, బంగాళాదుంప, టమాటా మూడూ అమెరికా ఖండాల పంటలే. 1492కి ముందు ఇరాన్‌లో ఇవి లేవు. టమాటాని పారసీలో గోజే ఫరంగీ అంటారు. గోజే అంటే పుల్లటి చిన్న పండు, ఫరంగీ అంటే ఐరోపా వాళ్ళది. మన ఫిరంగి కూడా ఆ మాట నుంచి వచ్చిందే. ఇరాన్‌లో బంగాళాదుంపని పరిచయం చేసింది జాన్ మాల్కం అని చెప్పుకుంటారు. ఈయన 1798లో మన హైదరాబాద్ రెసిడెన్సీలో సహాయకుడు, 1800లో ఇరాన్‌కి రాయబారి.

మరి పాతది ఏంటి? నా ఉద్దేశంలో, పంచుకునే పద్ధతి. ముందు పులుసు వేరే గిన్నెలోకి వంచి, రొట్టె తుంచి నానబెట్టుకుని తింటారు. తర్వాత మిగిలిన మాంసం, గింజలు అన్నీ మన పప్పుగుత్తి లాంటి దానితో మెత్తగా మెదుపుతారు. ఇక్కడే అసలు సంగతి ఉంది. మెదిపాక ఎవరికి పెద్ద ముక్క పడింది, ఎవరికి ఎముక మిగిలింది అనే మాటే రాదు. కొద్దిపాటి మాంసం ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. చుట్టాలొస్తే ఆబ్‌గూష్త్‌లో ఇంకాస్త నీళ్ళు పోయండి అనడం అక్కడ మామూలే. మనం చారు గురించి అనుకునే మాటే కదండీ!

అందుకే టమాటా వచ్చినా, దుంప వచ్చినా ఈ వంట పరాయిది కాలేదు. కొత్త దినుసులు వచ్చి పాత పద్ధతిలో ఒదిగిపోయాయి. మన ఆవకాయలో ఎర్రటి కారం కూడా సముద్రం దాటి వచ్చిన మిరపకాయదే. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. ఉంటానండీ.