కీళ్ళవాతము: మంచము నుండి నడకకు

గుంటూరు, ప్రకాశం మైదానములలో మార్చి మిరపకోతల కాలము. ప్రత్తితీతలు ముగిసి, కల్లములలో ఎర్రని కాయలు ఎండుచుండును. అట్టి తరుణమున, 2020 మార్చి 25న, కరోనా కారణముగా దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. వ్యవసాయపు పనులకు కొద్ది దినములలోనే సడలింపు లభించినది. పట్టణములలోని వారు మాత్రము గడప దాటలేదు. దీర్ఘకాలపు కీళ్ళవాతము గలవారికి ఇందువలన రెండు విధముల కష్టము కలిగినది. ఇంట నున్నవారికి కదలిక లేదు. చేనిలో వంగి కాయలు కోయు స్త్రీకి విరామము లేదు.

కీళ్ళవాత రోగి ఎంత కదలవలెను? ఈ ప్రశ్నకు చరిత్ర కలదు. వెయ్యేండ్లకు పైబడిన మాధవనిదానము ఈ నొప్పులను, వాపులను ఆమవాతమను పేర వర్ణించినది. ఇరువదవ శతాబ్ది మధ్యభాగము వరకు పాశ్చాత్య వైద్యులు పలువురు మంచముపై విశ్రాంతియే ముఖ్యమని తలచెడివారు. కాని కదలని కీలు బిగిసికొనును. పనిలేని కండరము క్షీణించును.

వాపు తగ్గిననే గదా కదలిక సాధ్యమగుట! ఇందుకు ఒక తెలుగువాని కృషి తోడ్పడినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో, ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు ద్రవ్యముల పరిశోధనకు నాయకత్వము వహించెను. వానిలో అమినాప్టెరిన్‌ను 1951లో కీళ్ళవాతమునకు వాడి చూచిరి. దాని వంటిదే యగు మెథోట్రెక్సేట్‌కు 1988లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి లభించినది. 1948లోనే మరణించిన సుబ్బారావు ఈ ఫలితమును చూడలేదు.

నొప్పి నిద్రను చెరచును. నిద్రలేమి నొప్పిని పెంచును. ఒంటరితనమున మనస్సు క్రుంగినవారికి లేచి నడువ బుద్ధి పుట్టదు. నడువకున్న కీళ్ళు మరింత బిగియును. ఈ వలయమును తెంచు సాధనములలో నడక యొకటి. దీర్ఘవ్యాధులు గల పెద్దలు కూడ, వీలైనంతవరకు, వారమునకు 150 నుండి 300 నిమిషములు మధ్యరకపు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో సూచించినది.

అయినచో మిరపకోత వ్యాయామము కాదా? వ్యాయామములో కీళ్ళు వేరువేరుగా, మితముగా కదలును. నొప్పి హెచ్చిన ఆపవచ్చును. కోతలో గంటల తరబడి ఒకటే వంపు. ఆపిన కూలి తగ్గును. కావున ఆమెకు కావలసినది నడుము నిలిపి, చేతులు చాచుకొను విరామము.

“వాతము, కదలకు” అను మాట ఇండ్లలో నేటికిని వినబడుచున్నది. వాచి వేడెక్కిన కీలుకు విశ్రాంతి నీయవలెను, వైద్యుని సలహా పొందవలెను. తక్కిన దినములలో, వసారాలోనైనను, అవ్వను నాలుగడుగులు నడువనిండు. తోడుగా మీరును నడువుడు.