శిలాసూత్రం నుంచి షెల్ పంక్తి వరకు: మెయ్‌నూత్ నిలిపిన స్మృతి

పదే పదే అవసరమయ్యే పనిని కొద్ది పంక్తుల్లో ఇమిడ్చి, మళ్లీ వాడుకోవడానికి దాచుకున్న కోడ్ ముక్కను సాఫ్ట్‌వేర్ రంగంలో స్నిప్పెట్ అంటారు. ఆజ్ఞలను అక్షరాలలో టైపు చేసి కంప్యూటర్ చేత పని చేయించే పద్ధతి కమాండ్‌లైన్ కాగా, ఆ ఆజ్ఞలను చదివి అమలు జరిపే ప్రోగ్రాము షెల్. ఈ చిట్కాల చరిత్రను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలతో మొదలుపెట్టడం పరిపాటి. అయితే వాటికి ఆధారమైన గణితంలో రెండు ముఖ్యమైన పాయలు పందొమ్మిదో శతాబ్దపు ఐర్లండ్‌లో పుట్టాయి. వాటిలో ఒకదాని జ్ఞాపకాన్ని డబ్లిన్‌కు పడమట కిల్డేర్ కౌంటీలోని మెయ్‌నూత్ పట్టణం శ్రద్ధగా నిలుపుకొంటూ వస్తోంది.

మెయ్‌నూత్ మీదుగా సాగే రాయల్ కాలువపై డబ్లిన్ శివార్లలో బ్రూమ్ వంతెన ఉంది. 1843 అక్టోబర్ 16న గణితజ్ఞుడు విలియం రోవన్ హామిల్టన్ రాయల్ ఐరిష్ అకాడమీ సమావేశానికి భార్యతో కలిసి కాలువ గట్టున నడుస్తూ, ఏళ్ల తరబడి తనను వేధించిన సమస్యకు పరిష్కారాన్ని అక్కడ కనుగొన్నారు. తలంలోని భ్రమణాలను, అంటే తిప్పుళ్లను, సంకీర్ణ సంఖ్యలు వర్ణించగలిగినట్లే త్రిమితీయ భ్రమణాలను వర్ణించే సంఖ్యల కోసం ఆయన వెదికారు. నాలుగు అంశాలు గల క్వాటర్నియన్లు ఆ పని చేశాయి. మూడు కల్పిత మూలాంశాలలో ప్రతి ఒక్కదాని వర్గమూ, ఆ మూడింటి వరుస లబ్ధమూ −1కి సమానమనే సూత్రాన్ని ఆయన చేతిపుస్తకంలో రాసుకోవడమే కాక, వంతెన రాతిపై కత్తితో చెక్కారు. ఇందుకు ఆయన వదులుకోవలసి వచ్చింది స్థిత్యంతర ధర్మాన్ని. రెండు క్వాటర్నియన్లను గుణించే క్రమం మారితే ఫలితమూ మారవచ్చు.

రాతి మీది గీతలు కాలక్రమంలో చెరిగిపోయినా సూత్రం మరుగున పడలేదు. 1795లో స్థాపితమైన మెయ్‌నూత్‌లోని సెయింట్ పాట్రిక్స్ కళాశాలలో 1912 ప్రాంతంలో గణితం బోధించిన ఏమన్ డి వలేరా, తర్వాత దేశ ప్రధానిగా 1958లో ఆ వంతెన వద్ద స్మారక ఫలకాన్ని ఆవిష్కరించారు. ఆ కళాశాల గణిత విభాగానికి చెందిన ఆంథోనీ ఓఫారెల్ 1990లో డన్‌సింక్ ఖగోళ పరిశోధనాలయం నుంచి వంతెన వరకు హామిల్టన్ నడకను ప్రారంభించగా, అది ఏటా అక్టోబర్ 16న జరిగే సంప్రదాయమైంది. మెయ్‌నూత్ విశ్వవిద్యాలయంలో 2001లో ఏర్పడిన పరిశోధన సంస్థకు కూడా హామిల్టన్ పేరే పెట్టారు.

రెండో పాయ కార్క్ నగరానిది. అక్కడి క్వీన్స్ కళాశాలలో 1849 నుంచి ఆచార్యుడిగా పనిచేసిన జార్జ్ బూల్, తర్కాన్ని బీజగణితంగా మలచి 1854లో గ్రంథరూపంలో సమగ్రంగా ప్రతిపాదించారు. 1979లో బెల్ ప్రయోగశాలల నిర్వహణ వ్యవస్థ అయిన యూనిక్స్ ఏడో సంచికతో వెలువడిన బోర్న్ షెల్‌లో ఆ తర్కమే రెండు గుర్తులుగా కనిపిస్తుంది. మొదటి ఆజ్ఞ సఫలమైతేనే రెండోదాన్ని నడిపేది &&, విఫలమైతేనే నడిపేది ||.

ఇలాంటి ముక్కలను పోగుచేసే అలవాటు యూనిక్స్ కంటే పాతది. 1949లో పని మొదలుపెట్టిన కేంబ్రిడ్జ్ ఎడ్సాక్ యంత్రానికి చిన్న ఉపక్రమాలను కాగితపు టేపులపై భద్రపరిచేవారు. విల్క్స్, వీలర్, గిల్ 1951లో ప్రచురించిన పుస్తకం ఆ ఉపక్రమాల వాడకాన్ని వివరించింది. ముక్కతోపాటు వివరణనూ అందించాలన్న ఆ పాఠానికి నేటికీ విలువ తగ్గలేదు.

అందుకు తార్కాణం ప్రోగ్రామర్లు ఒకరి నుంచి ఒకరు తీసుకునే ఒక ప్రసిద్ధ చిట్కాలోనే ఉంది. పరీక్ష && మొదటి పని || రెండో పని అనే పంక్తిని చాలామంది ‘పరీక్ష నెగ్గితే మొదటిది, లేకపోతే రెండోది’ అని అర్థం చేసుకుంటారు. కానీ సి భాషలో && గుర్తుకు ఉన్న ప్రాధాన్యం షెల్‌లో లేదు. అక్కడ రెండు గుర్తులూ సమానమే కనుక పంక్తి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. పరీక్ష నెగ్గినా మొదటి పని విఫలమైతే రెండో పని కూడా జరిగిపోతుంది. 1985లో కెన్ షూమేక్ పరిశోధన పత్రంతో కంప్యూటర్ యానిమేషన్‌లో స్థిరపడిన క్వాటర్నియన్ కోడ్‌కూ ఇదే వర్తిస్తుంది. తొమ్మిది సంఖ్యల మాత్రిక చేసే భ్రమణాన్ని నాలుగు సంఖ్యలతో సాధించే ఆ కోడ్‌లో గుణకార క్రమాన్ని తారుమారు చేస్తే బొమ్మ వేరే దిక్కుకు తిరుగుతుంది.

రెండు సందర్భాలలోనూ పొరపాటుకు మూలం క్రమాన్ని పట్టించుకోకపోవడమే. క్రమానికి గల కారణం పంక్తిలో కనిపించదు. అది తెలిసినవారు చెబితేనే తర్వాతి తరానికి అందుతుంది. సూత్రం ఏ పుస్తకంలోనైనా దొరికే కాలంలో కూడా మెయ్‌నూత్ గణితజ్ఞులు అది పుట్టిన చోటికి ఏటా నడిచి వెళ్లడం ఈ కారణంగానే సార్థకమైనది. స్నిప్పెట్లను భద్రపరిచే ప్రతి ప్రోగ్రామరూ పంక్తి పక్కనే దాని కారణాన్ని రాసిపెట్టడం ఆ సంప్రదాయానికి న్యాయమైన కొనసాగింపు అవుతుంది.