నిషేధించిన చేతిలోనే ఆధారం: మద్రాసు రాజధానిలో తెలుగు రచనలపై ఆంక్షలు – సాక్ష్య విచారణ

ప్రవేశిక

వలస పాలనలో నిషేధానికి గురైన తెలుగు రచనల చరిత్రను పరిశోధించేవారికి ఒక విచిత్రమైన చిక్కు ఎదురవుతుంది. రచనను అణచిన ప్రభుత్వమే దానికి సంబంధించిన కాగితాలను భద్రపరిచింది. పత్రికల సంచికలు చాలావరకు నశించాయి. వాటిపై నిఘా ఉంచిన నివేదికలు మిగిలాయి. మరోవైపు జాతీయోద్యమంలో పాల్గొన్నవారి ఆత్మకథలు, ప్రజల నోట నిలిచిన కథనాలు ఉన్నాయి. సమకాలీనమైనవి కనుక ప్రభుత్వ పత్రాలే ప్రమాణమని ఒక వాదం. అణచివేసినవాడి మాట సాక్ష్యం కాజాలదు కనుక ఉద్యమ స్మృతే ప్రమాణమని మరో వాదం. ఈ రెండూ అసంపూర్ణమని, ఏ సాక్ష్యాన్ని ఏ ప్రశ్నకు వాడుకోవాలో నిర్ణయించుకోవడమే అసలు సమస్య అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

చట్టాల నేపథ్యం

1867 నాటి పత్రికలు, పుస్తకాల నమోదు చట్టం ముద్రిత గ్రంథాల ప్రతులను ప్రభుత్వానికి సమర్పించడాన్ని తప్పనిసరి చేసింది. 1870లో భారత శిక్షాస్మృతిలో రాజద్రోహానికి సంబంధించిన 124-ఎ సెక్షన్ చేరింది. 1878 నాటి దేశభాషా పత్రికల చట్టం మద్రాసు రాజధానికి వర్తించలేదు. అంతమాత్రాన ఇక్కడి పత్రికలు స్వేచ్ఛగా ఉన్నాయని భావించరాదు. దేశభాషా పత్రికల సారాంశాలను ఇంగ్లీషులోకి మార్చి అధికారులకు అందించే రహస్య నివేదికల పద్ధతి ఇక్కడా కొనసాగింది.

1910 నాటి పత్రికా చట్టం ముద్రాపకుల నుంచి ధరావతు కోరే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 1922లో ఆ చట్టం రద్దయింది. కాని అదే ఏడాది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 99-ఎ సెక్షన్ చేరడంతో గ్రంథాలను జప్తు చేసే అధికారం మరో రూపంలో నిలిచింది. ఈ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం తన అభిప్రాయానికి కారణాలను ఉత్తర్వులో తెలపాలి. బాధితులు రెండు నెలల లోపల హైకోర్టును ఆశ్రయించవచ్చు. చరిత్రకారునికి ఈ నియమం ముఖ్యమైనది. ఉత్తర్వులోని కారణాలు గ్రంథంపై వెలువడిన తీర్పు కాదు. ఒక పక్షం వినిపించిన వాదన మాత్రమే. వాటిని గ్రంథ పరిచయంగా చదివితే నిషేధించినవాడి కళ్లతో గ్రంథాన్ని చూసినట్లవుతుంది.

అనువాదకుని సాక్ష్యం

నివేదికల్లోని తెలుగు రచన మూడు జల్లెడలను దాటి వస్తుంది. ఏ భాగం ప్రమాదకరమో అనువాదకుడు ఎంచుకుంటాడు, దాన్ని సంక్షేపిస్తాడు, ఇంగ్లీషులోకి మారుస్తాడు. ఈ క్రమంలో శ్లేష, వ్యాజస్తుతి, సామెత వంటివి తమ పదును కోల్పోతాయి, లేదా రచయిత ఉద్దేశించని కాఠిన్యాన్ని పొందుతాయి. ఇది కేవలం ఊహ కాదు. 1908లో బొంబాయి హైకోర్టులో జరిగిన రాజద్రోహ విచారణలో బాలగంగాధర తిలక్ తన కేసరి వ్యాసాల అనువాదాలే వక్రంగా ఉన్నాయని సుదీర్ఘంగా వాదించారు. ఆయనను దోషిగా తేల్చిన జ్యూరీలో అధిక సంఖ్యాకులు యూరోపియన్లు.

అదే ఏడాది బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వెలువడిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు శిక్ష అనుభవించారు. తిరునల్వేలి కాల్పుల నేపథ్యంలో వెలువడిన ఆ వ్యాసం పరపాలకుణ్ణి పులితో పోల్చింది. కింది న్యాయస్థానం ఆరు నెలలు విధించగా, హైకోర్టు దాన్ని మూడేళ్లకు పెంచింది. వ్యాసం ఒకటే, పాలకుల న్యాయవ్యవస్థ ఒకటే. శిక్ష మాత్రం ఆరు రెట్లయింది. ప్రభుత్వ పత్రాలన్నీ ఏకకంఠంతో మాట్లాడతాయన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క ఉదాహరణే సడలిస్తుంది. రాజ్యం దేనికి, ఎంత భయపడిందో ఈ పత్రాలు నమ్మకంగా చెబుతాయి. రచయిత ఏమన్నాడన్నది చెప్పడానికి అవి చాలవు.

స్మృతి సాక్ష్యం

‘మా కొద్దీ తెల్ల దొరతనము’ గీతానికి గరిమెళ్ళ సత్యనారాయణ 1922లో జైలు శిక్ష అనుభవించారు. ఆయన చేత ఆ పాట పాడించుకున్న ఇంగ్లీషు కలెక్టరు, తనకు తెలుగు రాకపోయినా దాని శక్తి తెలుస్తున్నదని అన్నట్లు ఒక కథనం విస్తృత ప్రచారంలో ఉంది. ఈ కథనంలో స్మృతి చేసే పని స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ప్రభుత్వ యంత్రాంగపు భయాన్నంతటినీ అది ఒక్క దొర నోటి మాటగా కుదించింది. శిక్షాకాలం, అభియోగాల వంటి విషయాలకు న్యాయస్థానపు పత్రాలనే చూడాలి. అయితే పాటను జనం ఎలా అర్థం చేసుకున్నారో, పాలకుని భయంలో తమ బలాన్ని ఎలా చూసుకున్నారో తీర్పు ప్రతి చెప్పలేదు. దానికి ఈ కథనమే ఆధారం. స్మృతిని సంఘటనకు కాక, ఆ సంఘటన సంతరించుకున్న అర్థానికి సాక్షిగా స్వీకరించడం ఉచితం.

‘మాలపల్లి’: పాఠమే సాక్షి

ఈ రెండు సాక్ష్యాల నడుమ మూడోది గ్రంథపాఠం. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రచించిన ‘మాలపల్లి’ని 1922లో బెల్లంకొండ రాఘవరావు ప్రచురించారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1926లో మద్రాసు శాసనమండలిలో ఈ నిషేధంపై చర్చ జరిగింది. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి లభించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలను పాఠ్యగ్రంథంగా స్వీకరించిన తరువాత, 1936లో ప్రభుత్వం మళ్లీ నిషేధం విధించింది. 1937లో ఏర్పడిన రాజాజీ మంత్రివర్గం దాన్ని తొలగించింది.

ఈ చరిత్రను సాధారణంగా నిషేధం, విముక్తి అనే రెండు ఘట్టాలుగా చెప్పుకుంటారు. నడుమనున్న ‘కొన్ని మార్పులతో’ అన్న మాటకు తగినంత ప్రాధాన్యం లభించదు. నిజానికి అన్నింటికన్నా బలమైన సాక్ష్యం అదే. అనుమతి ఇవ్వవలసి రావడం ప్రభుత్వ ప్రతిష్ఠకు అనుకూలం కాదు. పాఠాన్ని మార్చవలసి రావడం ఉద్యమ ప్రతిష్ఠకు అనుకూలం కాదు. రెండు పక్షాలకూ ఇబ్బందికరమైన విషయాన్ని కల్పించవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఈ అంశం సాహిత్య పరిశోధనకు నేరుగా సంబంధించినది. పాలేర్ల కూలి సమస్య, సంగదాసు హత్య, జైలు జీవితం, వెంకటదాసు తిరుగుబాటు వంటి ఘట్టాలపై వెలువడే ప్రతి వ్యాఖ్యానమూ ఏదో ఒక ముద్రణపై ఆధారపడుతుంది. ఆ ముద్రణలో అధికారి అభ్యంతరం ఎంత, రచయిత సంకల్పం ఎంత అన్నది తేల్చకుండా ‘ఉన్నవ దృక్పథం’ అని నిర్ధారించడం తొందరపాటు. 1936 నాటి నిషేధానికి పాఠభేదం కారణమా, మారిన రాజకీయ వాతావరణం కారణమా అన్న ప్రశ్నకు కూడా ముద్రణలను పంక్తి పంక్తిగా సరిపోల్చడమే మార్గం. ప్రాచీన కావ్యాల తాళపత్ర ప్రతులకు జరిగిన పాఠపరిష్కరణ ఆధునిక నిషిద్ధ గ్రంథాలకూ జరగాలి.

ముగింపు

ప్రభుత్వ పత్రం రాజ్యభయానికి, స్మృతి జనం ఇచ్చిన అర్థానికి, ముద్రణల పోలిక రచనకు సాక్షులు. ఒక ప్రశ్నకు చెందిన సాక్షిని మరో ప్రశ్నకు నిలబెట్టినప్పుడే పొరపాటు జరుగుతుంది. ఏ సాక్షి అయినా తన ప్రయోజనానికి విరుద్ధంగా చెప్పిన మాటకు ఎక్కువ విలువ ఇవ్వడం మేలైన సూత్రం. ఈ చర్చ గతానికే పరిమితం కాదు. 99-ఎ సెక్షన్ సారం 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 95వ సెక్షన్‌గా కొనసాగింది. స్వతంత్ర భారతంలోనూ గ్రంథాన్ని జప్తు చేసే ఉత్తర్వు తన కారణాలను తానే రాసుకుంది. ఆ కారణాలకూ గ్రంథానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవాలంటే గ్రంథం చదువరి చేతికి అందాలి. నిషేధం మొదట తీసివేసేది ఆ అవకాశాన్నే.