వెబ్బు వ్యాప్తి: బ్రౌజర్లు, తెలుగు లిపి

ఇంటర్నెట్టుపై పుటను పుటతో ముడివేయు వ్యవస్థకు వెబ్బు అని పేరు. ఆ పుటలను తెచ్చి తెరపై చూపు సాధనము బ్రౌజరు. ఈ రెండింటిని జనసామాన్యమునకు చేర్చిన కీర్తి ఎవ్వరిదన్న ప్రశ్నకు ఒక్కరి పేరు సమాధానము కాజాలదు. నిర్మించినవారు, నిర్మించినదానిపై స్వామ్యమును వదలుకొన్నవారు, దానిని సామాన్యునకు సుగమము చేసినవారు అను మూడు తెగలవారును ఆ కీర్తికి భాగస్వాములు. తెలుగువారి విషయమున, తమ లిపిని తెరకెక్కించిన స్వచ్ఛంద సేవకులను నాలుగవ తెగగా గణింపవలసి యున్నది.

పూర్వరంగము

అమెరికా రక్షణశాఖ ధనసహాయముతో 1969 లో ఆర్పానెట్టు ఆరంభమయ్యెను. వింటన్ సర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1974 లో ప్రకటించిన సూత్రముల ననుసరించి రూపొందిన టీసీపీ-ఐపీ పద్ధతికి ఆ జాలము 1983 జనవరి 1న మారెను. ఆదేశములను కంఠస్థము చేసిన పరిశోధకులకు తప్ప ఇతరులకు అది చిరకాలము అగమ్యముగనే యుండెను. సెర్న్ పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో వెబ్బు ప్రణాళికను సమర్పించి, 1990 ముగియునాటికి తొలి బ్రౌజరును నిర్మించెను. అది నెక్స్ట్ అను అరుదైన యంత్రముపై మాత్రమే నడచునది గావున, పలువిధముల యంత్రములపై పనిచేయు కేవలాక్షర బ్రౌజరును నికోలా పెల్లో అను విద్యార్థిని రచించెను.

స్వామ్యత్యాగము

ఆ కాలమున వెబ్బునకు బలమైన పోటీ గోఫర్. మినసోటా విశ్వవిద్యాలయమున 1991 లో పుట్టిన ఈ వ్యవస్థ పట్టికలద్వారా సమాచారమును సులభముగా అందించుచు శీఘ్రముగా వ్యాపించినది. కాని 1993 ఆరంభమున ఆ విశ్వవిద్యాలయము కొందరు వినియోగదారులనుండి రుసుము గోరగా, అనేకులు శంకించి వెనుదీసిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ తన వెబ్బు ప్రోగ్రాములపై హక్కులను విడిచి, వానిని సర్వజనుల సొత్తు గావించెను. వెబ్బు వ్యాప్తికి దోహదమొనర్చిన కార్యములలో ఇంతకు మించినది లేదని చెప్పవచ్చును.

మొజాయిక్, నెట్‌స్కేప్

ఇలినాయి విశ్వవిద్యాలయమునందలి సూపర్ కంప్యూటింగు కేంద్రమున మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా అనువారు 1993 లో వెలువరించిన మొజాయిక్, చిత్రమును అక్షరముల నడుమనే ఒకే పుటలో చూపెను. ఆ సంవత్సరమే విండోస్, మెకింటోష్ యంత్రములకును లభ్యమయ్యెను. ఈ కేంద్రమునకు అల్ గోర్ సెనేటరుగా ముందుండి నడిపిన 1991 నాటి శాసనమువలన ధనము చేకూరినది గావున, ప్రజాధనమునకును ఈ చరిత్రయందు స్థానమున్నది. ఆండ్రీసన్ జిమ్ క్లార్కుతో గూడి స్థాపించిన సంస్థ 1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటరును విడుదల చేసెను. మరుసటి యేట మైక్రోసాఫ్టు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుతో రంగప్రవేశము చేసెను.

భారతదేశము, తెలుగు

మన దేశమున 1986 లో ఆరంభమైన ఎర్నెట్ అను జాలము విద్యాసంస్థలకే పరిమితము. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్టు ద్వారమును తెరచినది. తెలుగువారి జాలప్రవేశము అంతకు పూర్వమే అమెరికా విశ్వవిద్యాలయములందు జరిగెను. రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్టీఎస్ పద్ధతి లాటిను మీటలతో తెలుగు వ్రాయు సౌలభ్యమును కల్పించెను. అందు చిన్న టీ అక్షరము తకారమునకును, పెద్ద టీ అక్షరము టకారమునకును సంకేతములు. నకార ణకారములకును, లకార ళకారములకును ఇదియే మర్యాద. 1998 లో వెలసిన ఈమాట పత్రిక తెలుగు సాహిత్యమునకు జాలమున స్థిరమైన వేదిక యయ్యెను.

అయినను పఠనము క్లేశముతో గూడినదే. ఒక్కొక్క దినపత్రిక ఒక్కొక్క ఫాంటును వాడుచుండుటచే, ఆ ఫాంటును యంత్రమున స్థాపించుకొననివారికి వార్తకు బదులు అర్థములేని చిహ్నముల వరుస కనబడుచుండెను. అన్ని లిపులకు ఏకరీతి సంకేతములనిచ్చు యూనికోడ్ తొలి కూర్పు 1991 లోనే తెలుగునకు స్థానమిచ్చినను, 2001 లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వెలువడిన పిమ్మటనే అది పాఠకునకు అందుబాటులోనికి వచ్చెను. వెన్న నాగార్జున రచించిన పద్మ అను అనుబంధము, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో ఆ భిన్న ఫాంట్లను యూనికోడునకు మార్చి చూపెను. ఆయన చొరవతోనే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమయ్యెను. వీవెన్ అను పేరుతో ప్రసిద్ధుడైన సేవకుడు రూపొందించిన లేఖిని వలన, ప్రత్యేక సామగ్రి యేమియు లేకయే బ్రౌజరునందే తెలుగు వ్రాయుట సాధ్యమయ్యెను. తెలుగు రాష్ట్రముల సరిహద్దులకు వెలుపల, బీదరు వంటి మండలములందు వసించు తెలుగువారికిని, సముద్రములకవ్వలి వారికిని, ఇంటనున్నవారితో సమానముగా తెలుగు పుట అందినది ఇట్టివారి కృషివలననే.

మూల్యాంకనము

నిర్మాతగా బెర్నర్స్-లీకి ప్రథమస్థానమును, వ్యాపకులుగా మొజాయిక్ రచయితలకు ద్వితీయస్థానమును ఇచ్చుట లోకమున పరిపాటి. ఇది న్యాయమే యైనను అసంపూర్ణము. ఏ భాషవారికైనను తమ లిపిలో చదువుటకు, వ్రాయుటకు వీలు కలిగిననాడే వెబ్బు నిజముగా చేరినట్లు. కావున ప్రతిఫలము కోరక తెలుగునకు ఆ వీలు కల్పించినవారిని ఈ చరిత్రయందు అనుబంధముగాక ప్రధానాధ్యాయముననే స్మరింపవలెను.