రోజుకొక రూపాయి

ఈ పూట ఎరువుల సంగతి గాని తెగుళ్ల సంగతి గాని చెప్పబోవడం లేదు. మన శ్రీకాకుళం జిల్లాలో ఆడవాళ్లు ఒకరికొకరు ఆసరాగా నిలిచి సంఘాలు కట్టుకున్న చరిత్ర కొంత చెబుతాను. సేద్యానికీ దీనికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. మొదట్లో నాకూ ఆ సందేహం ఉండేది. అది ఎట్లా తీరిందో ముందు మనవి చేస్తాను.

నేను వ్యవసాయ డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో, నరసన్నపేట దగ్గర ఒక గ్రామంలో రాత్రిపూట రైతుల సమావేశం పెట్టాను. వరికోతకు రెండు మూడు రోజుల ముందు మడిలో మినుములు చల్లుతాము గదా, ఆ విత్తనానికి మొలక పరీక్ష చేసుకోవాలనీ, శుద్ధి చేసి మరీ చల్లాలనీ గంటసేపు చెప్పాను. రైతులంతా తలలు ఊపారు. నేనూ సంతోషించి ఇంటికి పోయాను. వారం తిరిగి వెళ్లి చూస్తే, వాకిళ్లలో ఆడవాళ్లు మినుములు చెరిగి సంచులకెత్తుతున్నారు. పరీక్ష లేదు, శుద్ధి లేదు. "ఇదేమిటమ్మా, చెప్పాను గదా!" అన్నాను. ఒక పెద్దామె చేట కింద పెట్టి, "మాకెవులు సెప్పినారు బాబూ? మీటింగేమో మగోల్లకి, ఇత్తనమేమో మాకీని!" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. విత్తనం ఎండబెట్టేది, బూడిద కలిపి కుండలో దాచేది, చెరిగి ఇచ్చేది ఆమె. నేను చెప్పినది మాత్రం వీధి అరుగు దాటి లోపలికి పోలేదు. ఆ యేడు ఆ ఊళ్లో కొన్ని మళ్లలో మొలక పలచగా వచ్చింది. తప్పు నాదే. ఆ పెద్దామె ఇంకొక మాట కూడా అంది: "మా సంగం కూకున్నప్పుడు రా బాబూ, అందరం ఇంటాం." అట్లా నేను మొదటిసారి ఆడవాళ్ల సంఘంలో చాపమీద కూర్చున్నాను. ఆ చాప వెనుక ఎంత చరిత్ర ఉన్నదో తరువాత తెలుసుకున్నాను.

కలిసి పని చేయడం మన ఆడవాళ్లకు ఏ పథకమూ నేర్పలేదు. ఉబాల రోజులలో చూడండి. ఆకు తీసేవారు, కట్టలు అందించేవారు, వంగి నాటేవారు అంతా ఒక గుంపు. బాలెంతరాలి వంతు పని తక్కినవారు సర్దుకుంటారు. అయితే ఆ కలయిక గట్టుమీదనే ఆగిపోయేది. ఇంట్లో బిడ్డకు జ్వరం వస్తే అప్పుకోసం ఎవరికి వారే షావుకారు గుమ్మం ఎక్కవలసి వచ్చేది.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో మన జిల్లా ఏర్పడింది. 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. గ్రామసేవికలు వచ్చారు, మహిళా మండలులు వెలిశాయి. కుట్టుపని, పెరటితోట, శిశుపోషణ నేర్పారు. అన్నీ మంచి పనులే. కాని ఆపద వేళ చేతికి పది రూపాయలు అందే దారి మాత్రం ఆ పాఠాలలో లేదు.

పిమ్మట 1982–83లో డ్వాక్రా వచ్చింది. దేశం మొత్తం మీద 50 జిల్లాలలో దీనిని ప్రయోగంగా ప్రారంభించారు. మన రాష్ట్రంలో అట్లా ఎంచినవి మూడు: ఆదిలాబాదు, కడప, శ్రీకాకుళం. అంటే మొదటి వరసలోనే మనం ఉన్నాము. పదిహేను ఇరవైమంది పేద స్త్రీలు ఒక జట్టు. జట్టుకు 15,000 రూపాయల మూలనిధి. కేంద్రం, రాష్ట్రం, యూనిసెఫ్ కలిసి ఇచ్చిన సొమ్ము అది.

పథకం మంచిదే. అయినా ఆ తొలి జట్లలో అనేకం నిలవలేదు. ఎందుకని? డబ్బు ముందు వచ్చి, జట్టు తరువాత పుట్టింది. నిధి కోసం పేర్లు రాసి జాబితా తయారు చేస్తే ఆ జాబితా సంఘం కాదు. సొమ్ము అయిపోగానే కలుసుకోవడానికి కారణమూ అయిపోతుంది.

ఈ లోపం తీరే దారి చూపినది నెల్లూరు జిల్లా పల్లెలు. అక్కడ సాక్షరతా ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రిపూట అక్షరాలు దిద్దుకోవడానికి ఒకచోట చేరేవారు. పలకల ముందు కూర్చున్నవారు తమ కష్టం గురించి మాట్లాడుకోకుండా ఉంటారా? కూలి డబ్బంతా సారాకే పోతున్నదన్న మాట పైకి వచ్చింది. 1992లో దూబగుంటలో రోశమ్మగారు మొదలైనవారు సారా దుకాణం మూయించారు. ఊరూరా అదే దారి పట్టింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించవలసి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో దానిని ఎత్తివేశారు.

చట్టం పోయింది గాని సంఘాలు పోలేదు. సారాకు పోయే డబ్బులోనుంచే రోజుకొక రూపాయి దాచుకుందామని ఆ జిల్లాలో పొదుపు ఉద్యమం లేచింది. లెక్క చూడండి. పదిహేనుమంది రోజుకొక రూపాయి చొప్పున వేస్తే నెలకు 450, ఏడాదికి 5,400 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కాని అది ఎవరూ ఇచ్చినది కాదు, వాళ్ల సొంతం. సొంత డబ్బుకు లెక్క అడగడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. అడుగుతారు గనుక తప్పకుండా కూర్చుంటారు. 1992లోనే నాబార్డు ఇటువంటి సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. అంతకుముందు బ్యాంకు మెట్లెక్కని ఆమెకు, సంఘం పేరే హామీ అయింది.

2000లో వెలుగు పథకం వచ్చినప్పుడు తొలి ఆరు జిల్లాలలో మళ్లీ మన శ్రీకాకుళం ఉన్నది. ఈసారి నిధి కంటే ముందు నడవడిక చూశారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపలి అప్పు, సకాలంలో వాయిదా, పుస్తకంలో లెక్క. వీటినే పంచసూత్రాలన్నారు. సంఘాలు కలిసి గ్రామ సంఘం, దానిపైన మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య ఏర్పడ్డాయి.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. పదిమంది ఒకచోట కూర్చున్నంత మాత్రాన మేలు జరగదు. సూక్ష్మరుణ కంపెనీలు కూడా ఆడవాళ్లను జట్లుగానే కూర్చోబెట్టి, వారం వారం వసూలు చేశాయి. ఒకామె వాయిదా కట్టలేకపోతే తక్కినవారిని ఆమె గుమ్మం మీదికి తోలాయి. ఇరుగుపొరుగే బాకీ బంట్రోతులయ్యారు. ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెం వేసింది. సంఘం అంటే "నీ వాయిదాకు మేమున్నాము, నెమ్మదిగా తీర్చు" అనేది. ఆ మాట లేనిచోట సంఘం పేరు ఉన్నా సంఘం లేనట్టే.

ఇక మన సేద్యం మాటకు వద్దాము. 2004 ప్రాంతంలో పురుగుమందులు లేని సేద్యాన్ని ఈ రాష్ట్రంలో వ్యాపింపజేసినది ఈ మహిళా సమాఖ్యల ద్వారానే. 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం ఇంటింటికీ చేరుతున్నదీ ఎక్కువగా ఈ దారినే. కషాయం కాచే కుండ ఆమె పొయ్యిమీదనే ఉంటుంది గనుక ఇందులో వింత లేదు.

తోటి విస్తరణ కార్యకర్తలకు నా అనుభవం మీద రెండు మాటలు. మన సమావేశానికి ఆడవాళ్లు రాలేదని చెప్పుకోవద్దు. వాళ్లు కూర్చునే రోజు కనుక్కొని మనమే వెళ్లాలి. పొదుపు లెక్క ముగిసేదాకా మాట్లాడవద్దు, అది వాళ్ల పని. ఆపైన పావుగంట అడిగి ఒకే విషయం చెప్పాలి, చేతితో చేయించాలి.

నేను ఆ ఊళ్లో అట్లాగే చేశాను. నూరు మినుపగింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, అయిదో రోజున విప్పి చూడమన్నాను. 75కు తక్కువ మొలిస్తే ఆ విత్తనం పనికిరాదన్నాను. మరుసటి సమావేశానికి నేను వెళ్లేసరికి ఎవరింట ఎన్ని మొలిచినవో సంఘం పుస్తకంలో పొదుపు పక్కనే రాసి ఉన్నది. తక్కువ మొలిచిన ముగ్గురికి, ఎక్కువ విత్తనం ఉన్నవారు తలా కొంత సర్దారు. పంట వచ్చాక కొలతకు కొలత తిరిగి ఇవ్వాలని తీర్మానం. నేను చెప్పినది పరీక్ష వరకే. ఆ సర్దుబాటు వాళ్లకు వాళ్లే చేసుకున్నారు.

రైతు సోదరులారా, మీ ఇంటి ఇల్లాలు సంఘానికి వెళ్లే పూట పశువులకు మేత మీరు వేయండి, పిల్లలను మీరు చూసుకోండి. ఆమె తిరిగి వచ్చేటప్పుడు మీ మడికి కావలసిన మాట కూడా తెస్తుంది.