కొబ్బరిడొక్కలోని ఇంధనము

గౌతమీ తీరమున నున్న కపిలేశ్వరపురము మొదలు ఆవలి కోనసీమ లంకల వరకు ఎచట చూచినను కొబ్బరితోటలే. కాయ వలిచిన పిదప మిగిలిన డొక్కనుండి పీచు తీయుదురు. లేదా పొయ్యిలో పెట్టుదురు. ఆ పీచుతో పేనిన తాడు నీటిలో ఎంత నానినను త్వరగా చివుకదు. దానికి ముఖ్యహేతువు లిగ్నిన్ అను పదార్థము. సామాన్యముగా కలపలో నూటికి 20 నుండి 30 పాళ్లుండు ఈ లిగ్నిన్, కొబ్బరిపీచులో సుమారు 40 పాళ్లుండును. ఇంత గట్టి పదార్థమును విడగొట్టి ద్రవ ఇంధనముగా మార్చవలెనను యత్నమునకు ఒక చరిత్ర కలదు.

1838లో ఫ్రాన్సు రసాయనవేత్త ఆన్సెల్మ్ పాయెన్ కలపను నత్రికామ్లముతో శోధించి సెల్యులోజును వేరుపరచెను. దానిని ఆవరించియుండు మరియొక పదార్థమును గుర్తించెను. అదియే లిగ్నిన్. కాగితము చేయువారికి సెల్యులోజు కావలెను, లిగ్నిన్ అక్కరలేదు. 1884లో కార్ల్ దాల్ అను జర్మనీ రసాయనవేత్త, సోడియం సల్ఫైడు కలిసిన క్షారద్రావకమున కలపను ఉడికించు పద్ధతికి పేటెంటు పొందెను. లిగ్నిన్ కరగి నల్లని ద్రవమై వెలికివచ్చును.

ఈ పద్ధతి మన గోదావరి యొడ్డునకును వచ్చినది. 1964లో సంస్థగా నమోదైన ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్లు, రాజమహేంద్రవరమున తొలుత వెదురును, తరువాత సరుగుడు, సుబాబుల్ కర్రను గుజ్జు చేసినది. ఇట్టి మిల్లులలో నల్లద్రవమును చిక్కబరచి బాయిలరులో మండింతురు. ఆవిరి పుట్టును, రసాయనములు తిరిగి దక్కును. అయినను ప్రకృతి కూర్చిన వలయాకారపు కర్బన అణువులు పొగయై పోవును.

మండించుటకు మారుగా విడగొట్టవచ్చునని చూపినవారిలో అమెరికాయందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు హోమర్ ఆడ్కిన్స్ ముఖ్యుడు. 1938లో ఆయనయు సహచరులును రాగి, క్రోమియముల ఆక్సైడును ఉత్ప్రేరకముగా వాడి, అధిక పీడనమున లిగ్నిన్‌కు ఉదజనిని చేర్చిరి. మెథనాలును, ఇతర ఆల్కహాలులును లభించెను. చిక్కు మరియొకచోట నున్నది. లిగ్నిన్‌లో ఆమ్లజని మీదుగా ఏర్పడిన లంకెలు సులభముగా తెగును. కర్బనమునకు కర్బనము నేరుగా అంటిన లంకెలు తెగవు. గుజ్జు ఉడుకునప్పుడు తెగిన ముక్కలు ఒండొంటితో కలిసి ఈ తెగని లంకెలనే పెంచును. పైగా నల్లద్రవములోని గంధకము నికెలు వంటి లోహములకు విషమగును.

కావున 2010 తరువాత పని వరుసయే మారినది. కలప ఉడుకునప్పుడే ఉత్ప్రేరకమును దగ్గరనుంచి, తెగిన ముక్క అంటుకొనకముందే ఉదజనితో దానిని నిలుకడపరచుట ఈ క్రొత్త మార్గము. జర్మనీ, బెల్జియం, చైనా శాస్త్రజ్ఞులు నికెలు, రుథేనియములతో దీనిని సాధించిరి. బర్చి చెట్టు లిగ్నిన్‌లో సుమారు సగము చిన్న అణువులుగా చేతికి వచ్చెను. వానినుండి ఆమ్లజనిని తొలగించిన పిమ్మటనే పెట్రోలునకు సాటివచ్చు ద్రవము తయారగును. ఉదజని ఖరీదు, గుజ్జులో కలిసిన ఉత్ప్రేరకమును తిరిగి రాబట్టుట ఇంకను తీరని సమస్యలు.

కొబ్బరి లిగ్నిన్ కూర్పు బర్చి లిగ్నిన్ కూర్పు వంటిది కాదు. అందు తెగని లంకెలకు అవకాశ మెక్కువ. పరదేశపు చెట్టుకు కుదిరిన ఉత్ప్రేరకము మన డొక్కకును కుదురునని తలపరాదు; దీనికి తగినదానిని వేరుగా రూపొందింపవలెను. 1944లో హైదరాబాదున ప్రయోగశాలగా వెలసి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థయను పేరొందిన పరిశోధనాలయమున ఉత్ప్రేరక శాస్త్రము ప్రధానాంశములలో నొకటి. కనుక ఈ పని మనకు అందరానిది కాదు. అయితే పీచు, తాళ్లు పేనువారికి కూడుపెట్టు ముడిసరకు. ఇంధనమునకై ముందుగా చూడవలసినది పీచు తీయగా మిగిలిన పొట్టును. అందును లిగ్నిన్ మెండుగా నున్నది. తాడు పేనువారి చేతినుండి పీచును లాగికొనక, దిబ్బపై పడియున్న పొట్టుకు విలువ కల్పించుటయే ఈ శాస్త్రమునకు మన సీమలో తగిన పరీక్ష.